తిరుపతి నుంచి తలకోన: ఒక్కరోజు ట్రిప్

తలకోన వెళ్లొచ్చినవాళ్లు జలపాతం ఫొటోలే పెడతారు. నేను ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నా, నాకైతే జలపాతం కంటే అక్కడికి చేర్చే అడవి దారే ఎక్కువ నచ్చింది. ఐదుకు నాలుగు ఇస్తాను.

నవంబరులో ఒక బుధవారం నేనూ మా రూమ్మేటూ తిరుపతి బస్టాండులో పొద్దున్నే బస్సెక్కాం. 60 కిలోమీటర్ల లోపే. భాకరాపేట ఘాట్‌లో మలుపులెక్కువ, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లు పట్టుకోండి. నేరబైలులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. "లోపల సిగ్నల్ దొరకదు పాపా, మూడున్నరకి గుడి కాడే ఉండండి" అన్నాడు ఆటో అన్న. చెప్పిన టైముకి వచ్చాడు కూడా.

సిద్ధేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని నడక మొదలుపెట్టాం. ఇదంతా శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, 1989లో ప్రకటించారు. క్లాసులో ఎండిన రెమ్మగా చూసిన ఎర్రచందనాన్ని ఇక్కడ నిలబడి ఉండగా చూశాను. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంది. అరచేయి ఆనిస్తే గరుకు, పగుళ్ల మధ్య చీమల బారు. శేషాచలంలోనూ చుట్టుపక్కల కొండల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు! దాన్ని ముట్టుకున్నానన్న సంతోషం ఇంకా పోలేదు. వాగు దగ్గర గిల్లతీగ నా నడుమంత లావుగా మెలితిరిగి చెట్ల మీదుగా ఎటో వెళ్లిపోయింది, మొదలెక్కడో చివరెక్కడో తేల్చుకోలేకపోయాం.

జలపాతం ఎత్తు 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఎత్తైనది. వానలు పడ్డాక వెళ్లాం కాబట్టి నీళ్లు బాగా ఉన్నాయి. మే నెలలో వెళ్లిన మా సీనియర్లకు సన్నటి ధారే కనిపించిందట. రాళ్లు పాచి పట్టి జారుతుంటాయి, హవాయి చెప్పులతో మాత్రం వెళ్లకండి.

ఒక స్టార్ తగ్గించింది మనుషుల వల్లే. మేం పులిహోర డబ్బా తెరిచిన బండ పక్కనే, నీళ్లలో, బిర్యానీ పార్సిల్ కవర్లు, పగిలిన సీసా. చూసి ప్రాణం ఉసూరుమంది. ఒక సంచి నిండా ఏరి కిందికి తెచ్చాం. మీరు వెళ్తే స్టీలు డబ్బా, స్టీలు బాటిలే పట్టుకెళ్లండి. వారం మధ్యలో వెళ్లండి, ఆదివారం వద్దు. తిరుగు బస్సు టైము నేరబైలులో దిగగానే అడిగి పెట్టుకోండి.