పాలమూరు, నల్లగొండ వానల లెక్కకు ఏ డేటా మేలు?

"మా దిక్కు వానలు తగ్గినయా, పెరిగినయా? చూడాలంటే ఏ డేటా పట్టుకోవాలె?" పైథాన్ వచ్చినవాళ్లూ, ఎక్సెల్‌తో నెట్టుకొచ్చేవాళ్లూ ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. ఏం లెక్కపెడతారో ముందు తేల్చుకుంటే జవాబు సగం దొరికినట్టే.

పత్తి, కంది వేసే మన మెట్ట చేన్లకు సీజన్ మొత్తం వాన కంటే వానకూ వానకూ మధ్య ఎడమే ముఖ్యం. మృగశిర కార్తెలో ఒక వాన చూసి గింజ పెట్టాక రెండు వారాలు మొగులు మొహం చాటేస్తే, సెప్టెంబరులో ఎంత కురిసినా ఆ గింజ మొలవదు. మొత్తం పట్టికలో మాత్రం ఆ ఏడాది 'సాధారణం' అని ఉండొచ్చు. అందుకే ఏ డేటానైనా నేను అడిగేది ఒక్కటే: ఎండు రోజును ఎండు రోజుగానే చూపిస్తుందా?

ఐరోపా వాళ్ల వాతావరణ డేటా ఈఆర్ఏ5 (ERA5) ఇక్కడే తప్పటడుగు వేస్తుంది. 1940 నుంచి గంటగంటకూ లెక్క ఉంది, ఖాళీలు లేవు, ఉచితం. కానీ అది కొలిచిన వాన కాదు, కంప్యూటర్ మోడల్ కురిపించిన వాన. ఇలాంటి మోడళ్లు సన్న జల్లును ఎక్కువ రోజులు రాల్చి, కుండపోతను తక్కువ చేసి చూపిస్తాయి. భారత వాతావరణ శాఖ (ఐఎండీ) లెక్కలో 2.5 మి.మీ. పడితే అది వాన రోజు. మోడల్ నడుమ ఒక రోజు 3 మి.మీ. రాల్చిందనుకోండి, చేనులో 16 రోజులున్న ఎండు మీ పట్టికలో ఎనిమిది, ఏడుగా విరిగిపోతుంది.

దానికి తోడు తేదీల తకరారు. ఐఎండీ రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. 14 సాయంత్రం కురిసిన వాన అక్కడ 15వ తేదీ కింద ఉంటుంది. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రోజుల ప్రకారం కూడితే అదే వాన 14 కింద పడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టేవాళ్లు ఈఆర్ఏ5 గంటలను యూటీసీ 3 (మన ఉదయం 8:30) నుంచి మర్నాడు 3 దాకా కూడాలి. అంకెలు మీటర్లలో వస్తాయి, వెయ్యితో హెచ్చవేయడం మరవొద్దు.

రాష్ట్ర ప్రణాళికా సొసైటీ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు నేలకు బాగా దగ్గర. నిన్న మీ మండలంలో ఎంత పడిందో తెలియాలంటే వాటిని మించింది లేదు. ధోరణి చెప్పాలంటే కనీసం 30 ఏళ్లు కావాలి, వాటికి అంత వయసు లేదు. జిల్లా సగటులతో ఆ లోటు పూడ్చుకుందామా అంటే, 2016 జిల్లాల విభజన అడ్డం వస్తుంది. పాత మహబూబ్‌నగర్ సగటులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఉన్నాయి, షాద్‌నగర్ కూడా. పేరు ఒకటే, నేల వేరు.

అందుకే వానకు నా ఓటు ఐఎండీ పుణె ఇచ్చే గ్రిడ్ డేటాకే, అంటే నేలను గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఇచ్చే వాన లెక్కకే. 1901 నుంచి రోజువారీ లెక్క, పావు డిగ్రీ గడి, అంటే సుమారు 27 కి.మీ. జిల్లాలు ఎన్ని ముక్కలైనా అక్షాంశం, రేఖాంశం మారవు. మహబూబ్‌నగర్‌కు 16.75, 78.0, నల్లగొండకు 17.0, 79.25 తీసుకోండి, పట్టణాలు దాదాపు ఆ బిందువుల మీదే ఉన్నాయి. లోపం లేదనను. వానమాపకాల సంఖ్య ఏటా ఒకేలా లేదు, పక్క మండలపు వాన కొంత మీ గడిలోకి కారుతుంది కూడా. ఈ మధ్య ఏళ్లకు మండల స్టేషన్ ఎండు రోజులతో సరిచూస్తే ఆ కారడం ఎంతో అంచనాకొస్తుంది. పైథాన్‌లో ఐఎండీలిబ్ (imdlib) లైబ్రరీ ఉంటే దించుకోవడం పెద్ద పని కాదు. ఖాళీ ఉన్నచోట -999 కనిపిస్తుంది, దాన్ని కూడికలో కలపొద్దు.

చిర్ప్స్ (CHIRPS) అనే మరో వాన డేటా 1981 నుంచి ఉంది. గడి 5 కి.మీ. కదా అని ఊరి లెక్క అనుకోకండి, చాలామటుకు ఉపగ్రహం చూసిన మబ్బుల చల్లదనం నుంచి కట్టిన అంచనా. నాసా వాళ్ల వాతావరణ డేటా 'పవర్' (POWER) ఖాతా లేకుండానే దొరుకుతుంది, బడి పిల్లల ప్రాజెక్టుకు చాలు.

ఎండల (ఉష్ణోగ్రతల) సంగతి వేరు. అక్కడ ఐఎండీ గడి ఒక డిగ్రీ, అంటే సుమారు 110 కి.మీ. అందులో నల్లగొండ, సూర్యాపేట ఒకే వేడి. దానికైతే ఈఆర్ఏ5లోనే నేల కోసం చేసిన, 9 కి.మీ. గడి ఉన్న ఈఆర్ఏ5-ల్యాండే నయం.