అంబాసిడర్ బ్రేకులకు డిస్కులా, బూస్టరా, ఉన్న డ్రమ్ములేనా?

అరకు నుంచి దిగుతుంటే అనంతగిరి మలుపుల్లో ముందు చక్రాల నుంచి బ్రేకు లైనింగు (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పొర) కమురు వాసన కొట్టింది. ఇంకో రెండు మలుపులకి పెడల్ సగానికి పైగా లోపలికి పోయింది. బండి పక్కన ఆపి గంటసేపు చల్లారనిచ్చాను. రెండో గేరులో దిగాల్సిన చోట మూడో గేరులో దిగడం నా తప్పే, అది వేరే సంగతి. విశాఖ చేరాక ఒక మెకానిక్ ‘డిస్కులు వేయించెయ్యండి సార్’ అన్నాడు. ఇంకో ఆయన బూస్టర్ చాలన్నాడు.

మొదట బూస్టర్ సంగతి తేల్చేద్దాం. అది కాలి కష్టాన్ని తగ్గిస్తుందే తప్ప వేడిని తగ్గించదు. డ్రమ్ము వేడెక్కితే సాగి షూకి (లైనింగు అంటించిన వంపు పట్టీకి) దూరమవుతుంది, కాగిన లైనింగుకి పట్టు పోతుంది. అప్పుడు బూస్టర్ చేసేదల్లా కాలిన లైనింగునే ఇంకాస్త గట్టిగా నొక్కడం. పైగా అది ఇంజను వాక్యూమ్ (గాలి పీల్చుడు) మీద పనిచేస్తుంది, కాబట్టి డీజిల్ బండికైతే వాక్యూమ్ పంపు కూడా కావాలి. మోకాళ్ల నొప్పులతో ఊళ్లో ట్రాఫిక్‌లో తిప్పేవాళ్లకి మేలే. ఘాట్ కోసమైతే దండగ.

డిస్కులకి నిజమైన బలం ఉంది. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది, త్వరగా చల్లారుతుంది. వేడికి ఉబ్బినా ప్యాడు (డిస్కుని నొక్కే పట్టీ) వైపే ఉబ్బుతుంది కాబట్టి పెడల్ కిందికి జారదు. వాన నీళ్లు ఇట్టే విదిలించుకుంటుంది. బ్రేకు వేస్తే బరువు ఎక్కువగా ముందుకి తూలుతుంది గనక ముందు రెండు చక్రాలకి వేస్తే చాలు. చివరి రోజుల్లో వచ్చిన అంబాసిడర్లకి ముందు డిస్కులు కంపెనీ నుంచే ఉన్నాయి, అందుకే పాత బండికి ఆ సామాను వెతుక్కోవచ్చు. హబ్బు, క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీద నొక్కేది), బ్రాకెట్ ఒకే బండివి మొత్తం సెట్టుగా తెచ్చుకోవాలి. ముక్కలుగా ఏరుకొచ్చి లేతు షాపులో అతికించిన బ్రాకెట్టుని మాత్రం నేను నమ్మను.

చిక్కంతా బిగించాక మొదలవుతుంది. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్లో (పెడల్ తొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చేది) లైనులో కాస్త ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది, సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్లు). దాన్ని అలాగే వదిలేస్తే ప్యాడ్లు డిస్కుని వదలవు, నడుస్తూనే కాలతాయి. డ్రమ్ములో తిరిగే వేగమే షూని లోపలికి లాక్కుని పట్టు పెంచుతుంది. డిస్కుకి ఆ సాయం లేదు, కాబట్టి పెడల్ బరువెక్కుతుంది. బూస్టర్‌కి అసలు చోటు ఇదే. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బ్రేకు బలం ఎంతెంతో సరిచూడకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాకై బండి తిరిగిపోవచ్చు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చిక్కు కూడా రావచ్చు, ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.

ఒక్క పరీక్ష చేసి చూడండి. ఖాళీ మైదానంలో 40 కిలోమీటర్ల వేగంలో, బ్రేకులు చల్లగా ఉండగా గట్టిగా తొక్కండి. చక్రాలు లాకైతే మీ డ్రమ్ములకి బలం సరిపడా ఉన్నట్టే. ఆ మొదటి ఆపుడులో హద్దు టైరుది, డిస్కు వేసినా పెద్ద తేడా ఉండదు. లాక్ కాకపోతే ముందు డ్రమ్ముల్నే విప్పాలి.

నేను విప్పించాను. ఎడమ వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలని నెట్టేది) కారి లైనింగు బ్రేకు ఆయిల్ తాగేసింది. పాత రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వడం లేదు, అందుకే కాలు తీసినా షూలు పట్టుకునే ఉన్నాయి. ఘాట్‌లో నన్ను ఆపింది అదన్నమాట, డ్రమ్ము కాదు. సిలిండర్లు, గొట్టాలు, లైనింగులు కొత్తవి వేయించి, డ్రమ్ముల్ని లేతు మీద గుండ్రం చేయించాను. ఎక్కువ తీస్తే డ్రమ్ము పలచనై ఇంకా తొందరగా కాగుతుంది, హద్దు దాటితే మార్చేయడమే. పాత లైనింగు ధూళిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. బ్రేకు ఆయిల్ డాట్ 4 రకం పోయించాను. తేమ పీల్చే సరుకు గనక రెండేళ్లకోసారి మార్చాలి.

డిస్కుల కోసం దాచిన డబ్బులో కొంత పెట్టి రెండు సర్క్యూట్ల (రెండు వేరు ఆయిల్ దారులున్న) మాస్టర్ సిలిండర్ వేయించాను. పాత సింగిల్ సర్క్యూట్లో ఎక్కడ ఒక్క చోట కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. నా మట్టుకు డిస్కుల కన్నా ముందు ఇదే. ఏడాదికి రెండుసార్లు కొండెక్కే నాకు ఇది చాలు. మా తమ్ముడు మాత్రం తన అంబాసిడర్‌ని రోజూ హైవే మీద తిప్పుతాడు, వాడికి డిస్కులే వేయించుకోమన్నాను.