పొట్టి బ్యారెల్ .243 కొనేముందు జాగ్రత్త

బ్రిటన్‌లో ఉంటూ జింకల వేటకు మొదటి రైఫిల్ కొనబోతున్న మనవాళ్ల కోసం ఇది. (ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, అక్కడివాళ్లకు దీనితో పని లేదు.)

సెకండ్‌హ్యాండ్ .243 విన్‌చెస్టర్ రైఫిళ్లకు బ్యారెల్‌ను 18 అంగుళాలకు కోసి, చివర సైలెన్సర్‌కు మర వేసి, "ఏ జింకకైనా చట్టప్రకారం సరిపోతుంది" అని అంటగడుతున్నారు. క్యాలిబర్ (తూటా మందం) వరకు ఆ మాట నిజమే. తేడా కొట్టేది శక్తి దగ్గర.

ఇంగ్లండ్, వేల్స్‌లో రో, ఫాలో, సికా, రెడ్ జింకలకు క్యాలిబర్ కనీసం 0.240 అంగుళం, బ్యారెల్ మూతి దగ్గర శక్తి కనీసం 1,700 ఫుట్‌పౌండ్లు (తూటా శక్తిని కొలిచే ప్రమాణం) ఉండాలి. స్కాట్లండ్‌లో రో తప్ప మిగతావాటికి 1,750 కావాలి, వేగం సెకనుకు 2,450 అడుగులకు తగ్గకూడదు.

తూటాల డబ్బా మీద వేసే వేగం సాధారణంగా 24 అంగుళాల పరీక్ష బ్యారెల్‌ది. తూటా బరువును గ్రెయిన్లలో (ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) తీసుకుని, వేగం వర్గంతో గుణించి, 450240తో భాగిస్తే ఫుట్‌పౌండ్లు వస్తాయి. 100 గ్రెయిన్ల తూటా, 2,960 అడుగుల వేగం అనుకుంటే 1,946. బాగానే ఉంది. బ్యారెల్ అంగుళం తగ్గితే సుమారు 25-30 అడుగుల వేగం పోతుంది. ఆరు అంగుళాలకు 170 తీసేయండి: 2,790 అడుగులు, 1,729 ఫుట్‌పౌండ్లు. ఇంగ్లండ్‌లో బొటాబొటిగా గట్టెక్కింది, స్కాట్లండ్‌లో రెడ్ జింకకు చాలదు.

సీసం లేని 80 గ్రెయిన్ల రాగి తూటా అయితే ఇంకా ఘోరం. 3,150 అడుగుల వేగం దగ్గర 1,763 ఫుట్‌పౌండ్లు ఉన్నది, 18 అంగుళాల బ్యారెల్‌లో 1,578కి పడిపోతుంది. ఇంగ్లండ్‌లో రోకి కూడా అది చట్టవిరుద్ధమే. పైగా వేగం తగ్గితే రాగి సరిగా విచ్చుకోదు. సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది, జింక గాయంతో పొదల్లో పడుతుంది.

రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు తూటా పొడుగవుతుంది. పాత .243లలో తూటాను గిరగిరా తిప్పే బ్యారెల్ లోపలి గాడి 10 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, పొడుగు తూటాను నిలకడగా తిప్పలేదు. కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాక కోలగా పడిందంటే తూటా పక్కకు తిరిగి తగిలినట్టే. ఆ తూటాతో వేటకు వెళ్లొద్దు.

కోసి మర వేసిన బ్యారెల్‌ను మళ్లీ ప్రూఫ్ (పేలుడు ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేయించాలి. లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ కొత్త ముద్ర ఉందా లేదా మీ కళ్లతో చూడండి.

చవగ్గా వస్తుందని ఇంకా చిన్న క్యాలిబర్ అయిన .223 వైపు చూసేవాళ్లకు ఒక మాట: ఇంగ్లండ్‌లో అది ముంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ అనే చిన్న జింకలకే. రోకి పనికిరాదు. స్కాట్లండ్‌లో రోకి తూటా బరువు 50 గ్రెయిన్లకు, వేగం 2,450 అడుగులకు, శక్తి 1,000 ఫుట్‌పౌండ్లకు తగ్గకపోతే చాలు.

పొట్టి బ్యారెలే కావాలంటే పెద్ద క్యాలిబర్ .308 తీసుకోండి. 20 అంగుళాల్లో 150 గ్రెయిన్ల తూటా 2,720 అడుగుల వేగంతో వెళ్లినా 2,465 ఫుట్‌పౌండ్లు మిగులుతాయి. భుజానికి తగిలే దెబ్బ తక్కువ కావాలంటే 6.5 క్రీడ్‌మూర్ క్యాలిబర్ తీసుకోండి.

డబ్బు కట్టేముందు, మీరు వాడబోయే తూటాతోనే క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) మీద ఐదు షాట్లు కొట్టి చూపమనండి. కుదరదంటే వదిలేయండి. కొన్నాక క్యాలిబర్ మార్చాలంటే పోలీసుల దగ్గర తుపాకీ సర్టిఫికెట్ (లైసెన్సు) మార్పించుకోవాలి, అది వచ్చేదాకా కొత్త రైఫిల్ చేతికి రాదు.