తోలుకు రంగు: డై మేలా, పెయింటు మేలా?

కిందటి ఏడాది ఒక పాత గోధుమరంగు తోలు సంచీకి నల్ల డై వేశాను. ఆరాక చూసి మురిసిపోయాను. భుజాన వేసుకుని రెండు రోజులు తిరిగేసరికి తెల్ల చొక్కా మీద, నడుము దగ్గర, నల్లటి చారిక తేలింది. అంతకు ముందు ఒక జత చెప్పుల పట్టీల మీద అక్రిలిక్ పెయింటుతో ఎర్ర పూలు వేస్తే నెల తిరక్కుండా పట్టీ వంగే చోట రేకులు పెచ్చులుగా లేచాయి. సంచీ రంగు అంటకూడని చోట అంటింది, చెప్పుల రంగు అంటాల్సిన చోట అంటలేదు. తప్పు రెండు చోట్లా నాదే, అయితే రెండూ ఒకే రకం తప్పులు కావు. డైకీ పెయింటుకూ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది.

డై అంటే అద్దకం. రంగు స్పిరిట్‌లోనో నీళ్లలోనో పూర్తిగా కరిగి, తోలు పోగుల మధ్యకు ఇంకి, అక్కడే ఉండిపోతుంది. పెయింటు అంటే గోడకు వేసే రంగు లాంటిదే. అందులో రంగు కరగదు, మెత్తటి పొడిగా జిగురులో తేలుతూ ఉంటుంది. ఆరాక ఆ జిగురు సన్నటి ప్లాస్టిక్ పొరగా తోలు పైన కూర్చుంటుంది. లోపలికి పోయినది పెచ్చులూడదు, పైన కూర్చున్నది గుడ్డకు అంటదు. సరిగ్గా వేస్తే అంతే. వేయకపోతే నా సంచీ, నా చెప్పులు.

డై వేసిన తోలు తోలులాగే కనిపిస్తుంది. దాని గీతలు, రంధ్రాలు, ముడతలు అన్నీ పైకి తెలుస్తాయి. నాకు అదే ఇష్టం. కానీ డై పారదర్శకం కాబట్టి రంగు ముదురుకే పోగలదు. గోధుమరంగును నల్లగా చేయవచ్చు, నల్లదాన్ని పసుపు చేయలేము. పాత నూనె మరక ఉన్న చోట డై సరిగా ఇంకక మచ్చ అలాగే మిగులుతుంది. ఎండకు వెలిసే గుణం కూడా డైలలోనే ఎక్కువ. పెయింటు మరకను దాచేస్తుంది, నలుపు మీద తెలుపు వేయనిస్తుంది, గోరంత బొమ్మకూ అంచు చెదరనివ్వదు. మంచి వర్ణకంతో, అంటే మంచి రంగుపొడితో, చేసినదైతే ఎండకూ బాగానే తట్టుకుంటుంది. ఒక్క నియాన్ రంగులను మాత్రం నమ్మవద్దు. డై అయినా పెయింటు అయినా అవి త్వరగా వెలిసిపోతాయి.

ఏది కొనాలో తేల్చేది మన ఇష్టం కన్నా ముందు తోలు. కనిపించని మూల ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క నిమిషంలో ఇంకి మచ్చ ముదిరితే ఆ తోలు డై తాగుతుంది. ముత్యంలా నిలబడితే దాని మీద అప్పటికే పూత ఉందని అర్థం. తుమ్మచెక్క, కరక్కాయలతో పదును చేసిన కొల్హాపురి చెప్పుల తోలు మొదటి రకం. అంగట్లో దొరికే మెరిసే బూట్లు చాలావరకు రెండో రకం. అవి క్రోమియం లవణాలతో పదును చేసి, పైన రంగు పొర వేసి పంపినవి. వాటి మీద డై పోస్తే ఇంకే దారి లేక పైనే తచ్చాడుతుంది, తర్వాత చేతికీ మేజోడుకూ అంటుతుంది. నా సంచీ కూడా అలాంటిదేనని నాకు తర్వాత తెలిసింది. వాటికి పెయింటే దారి.

చాలామంది రంగును కాపాడే పై పూత దేనితో వేయాలని అడుగుతారు. అసలు అడగాల్సింది కింద ఏం చేయాలని. పెచ్చులూడిన పెయింటులో ఎక్కువ భాగం పూత లేక ఊడినది కాదు, అడుగున మైనమో పాలిషో మిగిలి ఊడినది. దూదికి అసిటోన్ తడిపి మెరుపు పోయి తోలు వెలవెలబోయే దాకా తుడవాలి. గోళ్ల రంగు తుడిచే సీసాలు కొన్నింట్లో నూనె కలుపుతారు కాబట్టి అది పనికిరాదు, ఒట్టి అసిటోన్ కావాలి. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చుని చేయాలి. సిలికాన్ కలిసిన మెరుపు పాలిష్ ఏళ్ల తరబడి రుద్దిన బూటైతే ఒక్కసారి తుడిస్తే చాలదు. ఆపైన పెయింటు పల్చగా, పాలలా జారేటట్టు కలిపి, ఒక్కో పూత ఆరనిచ్చి నాలుగైదు పూతలు వేయాలి. మందంగా రెండు పూతలు వేస్తే పని తొందరగా అవుతుంది, పగుళ్లూ తొందరగానే వస్తాయి. బొమ్మలు వేసుకునే గొట్టాల అక్రిలిక్ కాన్వాసుకు సరిపోతుంది గానీ అడుగడుగునా వంగే తోలుకు గట్టిపడుతుంది. తోలు కోసం చేసిన అక్రిలిక్‌లో జిగురు మెత్తగా సాగుతుంది. చెప్పుల విషయంలో నేను ఆదా చేసింది ఇక్కడే.

డై వేసేవారికి వేరే ఓపిక కావాలి. ఆరిన తర్వాత పోగుల్లో పట్టు దొరకని రంగు పొడిగా పైనే మిగులుతుంది. పొడి గుడ్డతో రుద్దుతూ, గుడ్డ మార్చుతూ, ఇక రంగు రాని దాకా రుద్దాలి. స్పిరిట్ తోలును ఎండగడుతుంది కాబట్టి తర్వాత చిటికెడు నూనె పట్టించి ఒక రోజు వదిలేయాలి. పూత ఆ తర్వాతే.

ఇక పూతల సంగతి. ఇక్కడ ఒక్క సూత్రం తెలిస్తే సగం నష్టం తప్పుతుంది: రంగు ఏ ద్రవంలో కరిగిందో అదే ద్రవంతో చేసిన పూత దాని మీద వేయకూడదు. స్పిరిట్ డై మీద లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తే, కుంచె వెంట రంగు లేచి వస్తుంది. నీటి డై మీద నీటితో చేసిన అక్రిలిక్ ఫినిషర్ పూసినా అదే తంతు. కలిపి చూస్తే స్పిరిట్ డై, పైన నీటి అక్రిలిక్ ఫినిషర్ కుదిరే జోడీ. పెయింటు ఆరాక నీళ్లకు కరగదు, పైగా అక్రిలిక్ మీద అక్రిలిక్ బాగా పట్టుకుంటుంది కాబట్టి దానికీ అదే ఫినిషర్ చాలు. కుంచెతో మళ్లీమళ్లీ గీస్తే నురగ లేచి తెల్లటి చారలు మిగులుతాయి. తడి స్పాంజితో ఒకే వైపుకు, పల్చగా రెండు పూతలు.

తేనెమైనం పూత చూపుకు అన్నిటి కన్నా అందం. తోలు మెరుపు మెత్తగా ఉంటుంది, ప్లాస్టిక్‌లా అనిపించదు. డై వేసిన బెల్టుకు, పుస్తకపు అట్టకు నేను మైనమే వాడతాను. అయితే రాపిడికి అది తొందరగా పోతుంది, రెండు మూడు నెలలకోసారి మళ్లీ పట్టించాలి. మీద పెయింటు వేయాలన్న ఆలోచన ఉంటే మైనం జోలికి పోవద్దు, తర్వాత అదంతా గీకి తీయాల్సి వస్తుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్ గాజులా మెరుస్తుంది, గాజులాగే వంగదు. పెట్టెలకు, కత్తి ఒరలకు సరే, చెప్పులకు కాదు. కారు సీట్లకు, సోఫాలకు పాలియురెథేన్ పూత గట్టిది. కానీ దాన్ని బిగించే రెండో ద్రవం ఊపిరితిత్తులకు మంచిది కాదు, తగిన మాస్కులున్న పనివాళ్లకే వదిలేయడం మేలు. ఇంట్లో ఉన్న తెల్ల జిగురును నీళ్లలో కలిపి పూసే చిట్కా మాత్రం వినకండి. మొదటి వానకే అది తెల్లబారి జిగటగా మారుతుంది.

ఏ పూతైనా నీటిని, రాపిడిని ఆపుతుంది. వెలుతురును ఆపదు. ఎండను అడ్డుకునే పదార్థం ప్రత్యేకంగా కలిపి ఉంటే తప్ప, గాజులాంటి పూత కింద కూడా రంగు నిదానంగా వెలుస్తూనే ఉంటుంది.

ఈ లెక్కలన్నీ తలకిందులయ్యే తోలు ఒకటి మన దగ్గరే ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో, 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారి ఊళ్లో, తోలుబొమ్మలతో పాటు మేకతోలు దీపపు తొడుగులూ చేస్తారు. ఆ తోలు వెలుతురును లోపలి నుంచి పంపాలి. అందులో రంగు కాంతిని ఆపకుండా వడపోయాలి, అంటే అక్కడ పారదర్శకమైన రంగే కావాలి. ఎంత ఖరీదైన అక్రిలిక్ పెయింటు అయినా దీపం వెలిగించగానే నల్లటి నీడ అవుతుంది. ఆ తోలు పదును చేసినది కాదు, నీళ్లు తగిలితే మెత్తబడి వంకరపోతుంది. అందుకని నీటి ఫినిషర్‌తో దాన్ని కాపాడాలనుకోవద్దు. లోపల వేడి తక్కువ పుట్టించే ఎల్ఈడీ బల్బు పెట్టి, కిటికీ ఎండకు, వానాకాలపు తేమకు దూరంగా ఉంచితే అదే దానికి పూత.

చేసిన పని నిలిచిందో లేదో తేల్చడానికి తెల్ల నూలు గుడ్డ చాలు. పొడిగా ఇరవైసార్లు, తడిపి ఇరవైసార్లు రుద్ది చూడండి. ప్రయోగశాలల్లో ఐఎస్ఓ 11640 పేరిట యంత్రం చేసేదీ ఇలాంటి రుద్దుడే. అక్కడ గుడ్డకు బదులు ఊలు ముక్క ఉంటుంది.

నా నల్ల సంచీని అసిటోన్‌తో తుడిచి, వచ్చినంత రంగు రానిచ్చి, ఒంటికి తగిలే వైపు ఫినిషర్ రెండు పూతలు వేశాను. పొడి గుడ్డకు ఇప్పుడు ఏమీ అంటడం లేదు. తడి గుడ్డకు లేత బూడిదరంగు ఇంకా వస్తూనే ఉంది. వాన పడే రోజున దాన్ని ఇంట్లోనే వదిలి వెళుతున్నాను.