వసుధారా, జానకా: పదిహేనేళ్ల అమ్మాయికి ఎవరు మేలు?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం... ఒడిశాలో తెలుగువాళ్లున్న ఊరేదైనా తల్లులూ టీచర్లూ అడిగేది ఒకటే. "మా గుంట సీరియల్ ఎలాగూ మానదు. పోనీ ఎవర్ని చూసి నేర్చుకోమనమంటారు?" ఇక్కడి పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సాయంత్రమైతే స్టార్ మా. చివరికి మిగిలేవి రెండు పేర్లు: 'గుప్పెడంత మనసు' వసుధార, 'జానకి కలగనలేదు' జానకి. రెండూ ఎప్పుడో ముగిసినా ఫోన్లలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

రెండూ అరువు కథలే. మొదటిదానికి మూలం బెంగాలీ 'మోహర్'. రెండోదానికి మూలం హిందీ 'దియా ఔర్ బాతీ హమ్'. అదే అంతకుముందు 'ఈతరం ఇల్లాలు' పేరుతో డబ్బింగై మన ఇళ్లలోకి వచ్చింది. పెద్దవాళ్లకు ఇదొక సౌకర్యం. కథ ఎటు పోతుందో ముందే తెలుసుకుని, ఎక్కడిదాకా పిల్లతో కూర్చుని చూడాలో నిర్ణయించుకోవచ్చు.

నటన, కట్టూబొట్టూ, మంచితనం ఇవేవీ తూచక్కర్లేదు, అందులో ఇద్దరూ ఇద్దరే. తూచాల్సింది చదువు ముందా, పెళ్లి ముందా అన్నది. వసుధార పెళ్లి తప్పించుకుని చదువుకు వస్తుంది. జానకికి పెళ్లయ్యాక భర్త మంచివాడు కావడంతో చదువు మళ్లీ మొదలవుతుంది. ప్లస్ టూ అవగానే సంబంధాలు వెతికే ఇళ్లలో ఈ తేడా చిన్నది కాదు. "పెళ్లి చేసేద్దాం, చదివించే అల్లుణ్నే చూద్దాం" అనే మాటకు జానకి కథ సాక్ష్యం పలికినట్టు అవుతుంది. రామచంద్ర లాంటి భర్త దొరక్కపోతే ఏమిటన్నది ఆ కథలో లేదు. అతను ఒప్పుకున్నా అత్తగారు జ్ఞానాంబ ఒప్పుకోవాలి. పిల్ల ఎంత చదివింది అన్నదాని కంటే ఇంట్లో ఎవరు సరేనన్నారు అన్నదే ఎక్కువ ఎపిసోడ్లు తింటుంది.

అయినా జానకిని తీసిపారేయలేం. ఆమె కలకు పేరుంది: ఐపీఎస్. "గొప్పదాన్నవుతా" అనే పిల్లకంటే "ఫలానా పరీక్ష రాస్తా" అనే పిల్లకు దారి చూపడం తేలిక. సీరియల్ చూపని దారి ఇదీ: ఐపీఎస్‌కు రాయాల్సింది యూపీఎస్సీ సివిల్స్ పరీక్ష. డిగ్రీ ఏదైనా పరవాలేదు. పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 21 నిండాలి. జనరల్‌కు 32, ఓబీసీకి 35, ఎస్సీ ఎస్టీలకు 37 గరిష్ఠం. అవకాశాలు జనరల్‌కు 6, ఓబీసీకి 9, ఎస్సీ ఎస్టీలకు ఆ గరిష్ఠ వయసు దాకా ఎన్నైనా. ప్రిలిమ్స్‌లో 200 మార్కుల పేపర్లు రెండు. రెండోదాంట్లో 33 శాతం వస్తే చాలు, మెయిన్స్‌కు ఎంపికలో దాని మార్కులు లెక్కపెట్టరు. ఆ తర్వాత మెయిన్స్ 1750, ఇంటర్వ్యూ 275. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లిషుల్లోనే ఉంటుంది. మెయిన్స్ తెలుగులోనో ఒడియాలోనో రాయొచ్చు. ఐపీఎస్‌కు అమ్మాయిల ఎత్తు 150 సెంటీమీటర్లు ఉండాలి, ఎస్టీలకు 145. కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లను కోచింగులో పడేయడం డబ్బు దండగ. ఆ వయసులో రోజూ అరగంట పేపరు, ఇంగ్లిషు పేరా చదివి సొంత మాటల్లో రాయడం చాలు.

మనవాళ్లు తరచూ ఇరుక్కునేది ఇంకోచోట. యూపీఎస్సీకి ఒడియా అక్కర్లేదు గానీ, అందులో ఉద్యోగం రాకపోతే రెండో మెట్టుగా చూసుకునే ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకు, పోలీసు కొలువులతో సహా, బడిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలని సాధారణంగా అడుగుతారు. పోనీ పర్లాకిమిడి నుంచి నది దాటి ఆంధ్రలోని పాతపట్నంలో చదివిద్దామంటే, ఆంధ్ర కాలేజీ సీట్లలో స్థానిక కోటాకు అక్కడ వరుసగా నాలుగేళ్లు చదివిన లెక్క చూస్తారు. ఇంటర్ ఒక్కటే అటు చదివితే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఎటు ఉండాలో ఎనిమిదో తరగతిలోనే తేల్చుకోవడం మంచిది.

ఇక వసుధార. ఆమె సొంతంగా తీసుకునే నిర్ణయాలు ఎక్కువ. రెస్టారెంట్లో పని చేసుకుంటూ చదువుతుంది, తప్పనిపిస్తే కాలేజీ ఎండీ అయినా మొహం మీదే అనేస్తుంది. నా ఓటు ఆమెకే. కాకపోతే పారిపోవడం మాత్రం సీరియల్లో చూపినట్టు చేస్తే ప్రమాదం. పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా రైలెక్కితే కాలేజీకి చేరదు. అదృష్టం బాగుంటే రైల్వే పోలీసుల ద్వారా బాలల సంక్షేమ కమిటీ ముందుకు, లేకుంటే ఎవరి చేతుల్లోనో. అసలు దారి వేరే ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, పెళ్లినాడు కాదు, నిశ్చితార్థం మాట వినపడగానే. పిల్లే చేయనక్కర్లేదు, స్నేహితురాలు చేసినా టీచర్ చేసినా సరే. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద మేజిస్ట్రేటు పెళ్లిని ముందే ఆపుతూ ఉత్తర్వు ఇవ్వగలరు. దాన్ని కాదని చేసిన పెళ్లి చెల్లదు. వయసు రుజువుకు మొదట చూసేది బడి సర్టిఫికెట్టే కనుక, దాని జిరాక్సు ఒకటి ఇంటి బీరువాలో కాకుండా టీచర్ దగ్గర ఉంచాలి. అప్పటికే పెళ్లయిపోయి ఉంటే, 18 నిండిన రెండేళ్లలోపు జిల్లా కోర్టులో రద్దు కోరవచ్చు. బరంపురం ఉన్న గంజాం జిల్లాను 2022 జనవరిలో బాల్యవివాహ రహితంగా ప్రకటించారు. ప్రకటన వచ్చింది కదా అని ఈ నంబరు మర్చిపోకూడదు.

వసుధార కథలో రెండో చిక్కు రిషి. కాలేజీ నడిపేవాడు, మార్కులూ సీటూ ఎవరి చేతిలో ఉన్నాయో అతనే, స్టూడెంట్‌ను ప్రేమించడం తెర మీద మధురంగా ఉంటుంది. ట్యూషన్ మాస్టారు వాట్సాప్‌లో "తిన్నావా" అని అడిగినప్పుడు అది అలాంటిదే అనుకునే వయసు ఇది. ప్రేమకథ ఊపందుకున్నాక చదువు వెనక్కిపోతుంది. రోజువారీ సీరియల్ బతికేది వారం వారం వచ్చే రేటింగ్ మీద. పుస్తకం ముందు కూర్చున్న పిల్లను చూపి రేటింగ్ తేవడం కష్టం. కాబట్టి మొదటి భాగం పిల్లతో కలిసి చూడండి, తర్వాతది ఆమె చూసినా పక్కన కూర్చుని చూడండి. ఆపేస్తే దుప్పటి కింద ఫోన్లో చూస్తుంది, అప్పుడు మాట్లాడే వీలూ పోతుంది.

చూసేటప్పుడు ఉపన్యాసాలొద్దు. కాగితం మీద రెండు గళ్లు గీయమనండి: ఒకదాంట్లో ఈరోజు ఆమె తేల్చుకున్నవి, రెండోదాంట్లో ఆమె గురించి వేరేవాళ్లు తేల్చినవి. ఏడుపు, కోపం, మౌనం ఏ గడిలోకీ రావు. సోమవారం నుంచి శనివారం దాకా రాస్తే చాలు, ఏ నాయిక ఎంతో పిల్లకే అర్థమవుతుంది. మీరు మాత్రం ఆ కాగితం అడక్కండి, చూపిస్తే చూడండి.

వంటలక్క సంగతీ అడుగుతారు. 'కార్తీకదీపం' దీప కష్టజీవి, ఎవరి ముందూ చెయ్యి చాచదు, సంతోషం. కానీ ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే అనుమానం మీద ఏళ్లకేళ్లు నడిచిన కథ అది. పైగా నల్లపిల్ల పాత్రకు తెల్లటి నటికి రంగు పూయడం, నల్లగా ఉన్న మన పిల్లలకు ఏం చెబుతుందో ఆలోచించండి. 'బ్రహ్మముడి' కావ్య చేతిలో పని ఉంది, అంతవరకే. 'చిన్నారి పెళ్లికూతురు' ఆనంది చిన్నపిల్లలకు బాల్యవివాహం అంటే ఏమిటో చెప్పడానికి పనికొస్తుంది, అనుకరించడానికి కాదు.

హిందీ బాగా వచ్చిన పిల్లకైతే వీళ్లెవరూ అక్కర్లేదు, దూరదర్శన్ 'ఉడాన్' చూపించండి. 1989లో మొదలైంది. కవితా చౌదరి తానే రాసి, తానే తీసి, ఐపీఎస్ అధికారి కల్యాణిగా తానే నటించింది. కథ తన అక్క కాంచన్ చౌదరి భట్టాచార్యది. దేశంలో రెండో మహిళా ఐపీఎస్ ఆమె, 2004లో ఉత్తరాఖండ్ డీజీపీగా ఆ హోదాకు చేరిన మొదటి మహిళ. బొమ్మ పాతగా, నెమ్మదిగా ఉంటుంది. రెండు ఎపిసోడ్లు ఓపిక పట్టమనండి.