స్కోలియోసిస్ బ్రేస్: ఎదిగే వయసంతా వాడాక నా అభిప్రాయం

ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు స్కోలియోసిస్, అంటే వెన్నెముక పక్కకి వంగడం, ఉందని, వంపు 28 డిగ్రీలని తేలింది. ఇంకా ఎత్తు పెరిగే వయసు కాబట్టి డాక్టర్ గారు గట్టి ప్లాస్టిక్ బ్రేస్ రాశారు. చంకల కింద నుంచి తుంటి దాకా పట్టి ఉంచే బోస్టన్ తరహాది. ఎదుగుదల ఆగేదాకా వాడాను. ఆఖరి ఎక్స్‌రేలో వంపు 30. "మరి పోలేదుగా?" అని చుట్టాలు అడుగుతుంటారు. బ్రేస్ పని వంపును మాయం చేయడం కాదు, అది పెరిగి ఆపరేషన్ దాకా పోకుండా ఆపడం. నా విషయంలో ఆగింది. మెడికల్ షాపులో దొరికే నడుము బెల్టు దీనికి బదులు కాదు. బ్రేస్‌ను మన ఒంటి కొలతలు తీసి చేస్తారు.

ఫలితం చాలావరకు ఎన్ని గంటలు వేసుకున్నామన్న దాని మీదే ఉంటుంది. 2013లో అమెరికా, కెనడాల అధ్యయనం ఒకటి వచ్చింది. వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల పూర్తయినవాళ్లు బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం, వేసుకోనివాళ్లలో 48 శాతం. రోజుకు సగటున 13 గంటలు, ఆపైన వేసుకున్నవాళ్లలో 90 శాతం పైమాటే. నాకు 18 గంటలు చెప్పారు.

ఒంగోలు ఎండల్లో 18 గంటలంటే మాటలు కాదు. రోహిణి కార్తెలో కరెంటు పోతే ఏడుపొచ్చేది. కుట్లు లేని కాటన్ బనియన్ ముడతలు పడకుండా లోపల వేసుకుని, తడిసిన ప్రతిసారీ మార్చేదాన్ని. బ్రేస్ కింద పౌడరు, క్రీము రాయవద్దన్నారు, వాటితో చర్మం మెత్తబడి ఒరుసుకుపోతుందట. బ్రేస్ తీసిన అరగంటకి కూడా ఎర్రదనం తగ్గకపోతే చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి సరిచేయించుకోవాలి. పొట్ట నొక్కుకుపోతుంది కాబట్టి కడుపునిండా ఒకేసారి తినలేం. అందుకే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినేదాన్ని.

అమ్మకి అసలు టెన్షన్ ఎముకల గురించే. ఇలా బిగించి ఉంచితే ఎముకలు గుల్లబారవా అని. స్కోలియోసిస్ ఉన్న ఆడపిల్లల్లో ఎముక సాంద్రత తక్కువగా ఉండడం తరచుగా కనిపించేదే, బ్రేస్ వల్ల అది తగ్గుతుందని మాత్రం అధ్యయనాల్లో తేలలేదని డాక్టర్ గారు చెప్పారు. అసలు నష్టం కదలకుండా కూర్చోబెట్టడంలో ఉంది. స్కూల్లో ఆటల పీరియడ్‌కి నన్ను పక్కన కూర్చోబెట్టేవారు. అమ్మ డాక్టర్ గారి చేత ఉత్తరం రాయించి ఇచ్చాక బ్రేస్ తీసి స్కిప్పింగ్, పరుగు మొదలుపెట్టాను. ఇంటర్లో హాస్టల్ ఇంకా ఘోరం. గ్రౌండ్ లేదు, ఎండ మొహం చూసేది లేదు, పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. ఎముక గట్టిపడే వయసును అలా గదుల్లో పెట్టి వృథా చేయడం నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది. నాన్న మాట్లాడి నన్ను డే స్కాలర్‌గా మార్పించారు.

తిండి సంగతికొస్తే, 13 నుంచి 15 ఏళ్ల వాళ్లకి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటుంది కాబట్టి సంగటి ఒక్కటే సరిపోదు. పెరుగు, మునగాకు, నువ్వులు, ముళ్లతో సహా నమిలి తినే నెత్తళ్ల పులుసు కూడా మా ఇంట్లో ఉండేవి. అమ్మమ్మ వాళ్లది కనిగిరి వైపు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాల్షియం తక్కువ తినేవాళ్ల ఎముకలకి అది మరింత చేటు. సెలవులకి వెళ్లినా నాకు ప్లాంటు నీళ్లే ఇచ్చేవారు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

కొత్తగా వేయించుకునేవాళ్లు ఒకటి తప్పకుండా అడగండి. బ్రేస్ అలవాటయ్యాక అది తొడిగి ఉండగానే ఒక ఎక్స్‌రే తీయించమనండి. వేసుకున్నప్పుడు వంపు ఎంత తగ్గుతోందో అందులో తెలుస్తుంది. సరిగా తగ్గకపోతే బ్రేస్ లోపల వంపును నొక్కే ప్యాడ్లు మార్చాలి. నా మొదటి బ్రేస్‌కి అలాగే మార్చారు.