కారు కంపెనీ దగ్గరే కొనాలా, డీలర్ దగ్గరా? అమెరికాలో ఏది మేలు?

టెస్లా ప్రధాన కార్యాలయం టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంది, పెద్ద ఫ్యాక్టరీ కూడా అక్కడే. అయినా టెక్సాస్ చట్టం ఆ కంపెనీని అక్కడివాళ్లకి నేరుగా కారు అమ్మనివ్వదు. అందుకని ఏళ్ల తరబడి అక్కడ షోరూమ్ బదులు "గ్యాలరీ"లు నడిచాయి. లోపల కారు ఉంటుంది, పక్కన ఉద్యోగి ఉంటాడు, ధరెంత అని అడిగితే మాత్రం చెప్పకూడదు, టెస్ట్ డ్రైవ్ ఇవ్వకూడదు. కొనాలనుకుంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవాలి, కాగితాల మీద అది వేరే రాష్ట్రంలో జరిగిన అమ్మకం.

వినడానికి వింతగానే ఉంటుంది కానీ ఈ చట్టాలు ఊరికే పుట్టలేదు. 1920-21 మాంద్యంలో కార్లు అమ్ముడుపోక ఫోర్డ్ కంపెనీ ఇబ్బందుల్లో పడింది. అప్పుడది అడగని కార్లు కూడా డీలర్లకి పంపేసి, వచ్చిన వెంటనే డబ్బు కట్టమంది. కాదంటే డీలర్‌షిప్ ఉంటుందో ఊడుతుందో తెలియదు, దాంతో డీలర్లు అప్పులు చేసి మరీ కట్టారు. ఇలాంటి అనుభవాలు పేరుకుపోయాకే రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఫ్రాంచైజీ చట్టాలు (కంపెనీ-డీలర్ సంబంధాలకి హద్దులు పెట్టేవి) తెచ్చాయి, 1956లో ఫెడరల్ చట్టమూ వచ్చింది. అంటే ఇవన్నీ డీలర్‌ని సొంత కంపెనీ నుంచి కాపాడటానికి వచ్చినవి. మరి టెస్లా, రివియన్, లూసిడ్ లాంటి ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలకి అసలు డీలర్లే లేనప్పుడు ఎవరిని ఎవరి నుంచి కాపాడుతున్నట్టు? 2014లో మసాచుసెట్స్ సుప్రీం కోర్టు చెప్పింది దాదాపు ఇదే. అదే ఏడాది మిషిగన్ మాత్రం కంపెనీలు నేరుగా అమ్మకుండా చట్టాన్ని ఇంకాస్త బిగించింది. న్యూ మెక్సికోలోనైతే టెస్లా గిరిజన తెగల భూమిలో సెంటర్ పెట్టుకుంది, రాష్ట్ర నిషేధం అక్కడ వర్తించదు కాబట్టి.

సరే, చట్టం గొడవ పక్కన పెడితే కొనేవాడికి ఏది లాభం?

డీలర్ దగ్గర బేరం ఆడొచ్చు, ఇది నిజమైన సుగుణం. ఒకే మోడల్ నలుగురు డీలర్ల దగ్గర ఉంటే, ఒకడి కొటేషన్ ఇంకొకడికి చూపించి ధర దింపించొచ్చు. కానీ ఈ ఆట కార్లు ఎక్కువై, కొనేవాళ్లు తక్కువైనప్పుడే నడుస్తుంది. 2021, 22లలో చిప్‌ల కొరత వచ్చినప్పుడు చూశాం కదా, కంపెనీ ధర స్టిక్కర్ పక్కన ఇంకో స్టిక్కర్ అంటించి "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" పేరుతో వేల డాలర్లు పైన వేశారు. ఇక అసలు టెన్షన్ ధర కుదిరాక, ఫైనాన్స్ ఆఫీసులో మొదలవుతుంది. అక్కడ కారు మొత్తం ఎంత అనే మాటే రానివ్వరు, నెలకి ఎంత కట్టగలరు అనే అడుగుతారు. ఆ నెలవారీ లెక్కలోనే ఎక్స్‌టెండెడ్ వారంటీ, పెయింట్ ప్రొటెక్షన్, డాక్ ఫీజు (కాగితాల పనికి వేసే రుసుము) అన్నీ మెల్లగా దూరిపోతాయి, గంటల తరబడి కూర్చుని విసిగిపోయిన మనిషి ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాడు.

నేరుగా కొంటే ఈ తలనొప్పి చాలావరకు పోతుంది: అందరికీ ఒకటే ధర, ఫోన్‌లోనే ఆర్డర్. అయితే మధ్యవర్తి పోయాడు కాబట్టి కారు చవకవుతుందని మాత్రం లెక్కేసుకోకండి. ఆ మిగులు కంపెనీ జేబులోకి వెళ్లినా అడిగేవాడు లేడు. పైగా ధర మొత్తం ఒకే చేతిలో ఉంటుంది. 2023 జనవరిలో టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్ ధరని 65,990 డాలర్ల నుంచి ఒక్కసారిగా 52,990కి దించింది. అప్పుడు కొన్నవాళ్లకి పండగే, అంతకు కొద్ది రోజుల ముందు కొన్నవాళ్ల సంగతి ఆలోచించండి.

నా దృష్టిలో ధర కంటే పెద్ద విషయం సర్వీసు. వారంటీ రిపేరు చేస్తే డీలర్‌కి కంపెనీ డబ్బులిస్తుంది, కాబట్టి లోపం ఉందని ఒప్పుకుంటే అతనికి ఆదాయం. కంపెనీ సొంత సర్వీసు సెంటర్‌కైతే అదే రిపేరు ఖర్చు. ఈ ఒక్క తేడా దగ్గర డీలర్ల వాదనలో బలం ఉంది. పెద్ద కంపెనీలకి చిన్న ఊళ్లలో కూడా డీలర్లుంటారు, కొత్త ఎలక్ట్రిక్ కంపెనీ సర్వీసు సెంటర్ వందల మైళ్ల దూరంలో ఉండొచ్చు. అలా అని అందరు డీలర్లూ మంచి సర్వీసు చేస్తారని కాదు, కనీసం ఒకడు నచ్చకపోతే ఇంకొకడి దగ్గరికి పోవచ్చు.

ఇంతకీ నా ఓటు దేనికంటే, డీలర్లు లేని కంపెనీని నేరుగా అమ్ముకోనివ్వాలి, నిషేధానికి నాకు సమర్థన కనిపించడం లేదు. డీలర్లున్న పాత కంపెనీల కథ వేరు. భవనాలు కట్టించి, ట్రైనింగులు ఇప్పించి, దశాబ్దాలు అమ్మించుకుని, ఇప్పుడు వెబ్‌సైట్ పెట్టి సొంత డీలర్‌తోనే పోటీ పడితే అది 1920 నాటి పెత్తనమే. ఫోక్స్‌వ్యాగన్ స్కౌట్ అనే బ్రాండ్ పెట్టి దాన్ని నేరుగా అమ్ముతానంటే డీలర్లు 2025లో కోర్టుకెక్కింది అందుకే, ఆ కేసులో నేను డీలర్ల వైపే. మీరు కొనేటప్పుడు మాత్రం ధర కంటే ముందు మీకు దగ్గర్లో సర్వీసు సెంటర్ ఎక్కడుందో, అపాయింట్‌మెంట్ ఎన్ని రోజులకి దొరుకుతోందో కనుక్కోండి.